పూరేడు పట్టినవాడు

సెప్టెంబరులో మా కొండల మీద పచ్చనిదేదీ మిగలదు. గడ్డి ఎండి గోధుమరంగుకు తిరుగుతుంది. ముళ్ళపొదలు దుమ్ము కొట్టుకుని బూడిదలా ఉంటాయి. రాళ్ళ సందుల్లోంచి అడవి ఉల్లి పూల కాడలు మాత్రం, ఒక్క ఆకైనా లేకుండా, మనిషి నడుమెత్తున తెల్లగా లేస్తాయి. అవి లేచాయంటే పూరేళ్ళు దిగే రోజులు వచ్చినట్టే. ఉత్తరపు గాలి తగ్గిన తెల్లవారుజామున ఆ పిట్టలు సముద్రం దాటి వచ్చి, పడమటి కొండకొమ్ము మీద రాళ్ళు రాలినట్టు రాలతాయి. రెక్కల్లో సత్తువ ఉండదు. కొన్నిటిని చేత్తో పట్టుకోవచ్చు.

లెస్బోస్ దీవికి పడమటి చివర ఉంది మా ఊరు మాంద్రి. మా ఊళ్ళో పూరేడు వండని ఇల్లు లేదు, పూరేడు పట్టిన మనిషి లేని వీధీ లేదు. పట్టడమంటే ఏమిటో మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అందరూ ఒకే కుండలోది తింటారు, అందరూ బాగానే ఉంటారు. ఒక్కడికి మాత్రం తెల్లారేసరికి పిక్కలు కొయ్యబారతాయి. తర్వాత తొడలు, నడుము పట్టేస్తాయి. ఒంటేలు నల్లగా వస్తుంది. వాగుల్లో మొలిచే గొడుగుపూల విషపు మొక్క గింజల్ని పూరేడు తింటుందని, దానికేమీ కాదని, దాన్ని తిన్న మనిషికే అవుతుందని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. ఒకసారి పట్టినవాణ్ణి మళ్ళీ పడుతుంది కాబట్టి వాడు ఇక జన్మలో ఆ మాంసం ముట్టడు.

పట్టినవాణ్ణి పడుకోనివ్వకూడదు. చెరో రెక్కా పట్టుకుని నడిపించాలి. నడిస్తే విషం చెమటలో పోతుందని, పడుకుంటే గుండెకు చేరుతుందని మా నమ్మకం. అలా నడిపించగా బతికినవాళ్ళు ఊరినిండా ఉన్నారు. బతకనివాళ్ళ సంగతి వస్తే, సరిగ్గా నడిపించి ఉండరు అనుకునేవాళ్ళం.

మా చెల్లెలు పెలాగియా మొగుడు ఇగ్నాతిస్‌కు మీసం మొలిచే వయసులో పూరేడు పట్టింది. ఆ రోజంతా కళ్ళం చుట్టూ అతన్ని నడిపించింది అతని అన్న ప్రొకోపిసే. ఎవరినీ చేయి వేయనివ్వలేదట. తమ్ముడు కాళ్ళు ఈడుస్తుంటే తిడుతూ, ఏడుస్తూ, మధ్యలో నవ్విస్తూ తిప్పాడట. అతను బతికాడు. అప్పటి నుంచి పూరేళ్ళ విందుల్లో ఇగ్నాతిస్ పళ్ళెంలో చిక్కుళ్ళు ఉండేవి. దానికి అందరూ నవ్వేవారు, అతనూ నవ్వేవాడు.

అలాంటి అన్నదమ్ములు ఏడేళ్ళు మాట్లాడుకోలేదు. వాళ్ళ నాన్న వదిలిన మేకల బీడులో ఒక ఊట ఉంది. పంచుకున్నప్పుడు గోడ ఎటు కట్టాలన్న దగ్గర మాట పెరిగింది. ప్రొకోపిస్ ఊటను తన వైపు ఉంచుకుని గోడ లేపాడు. ఇగ్నాతిస్ మేకల్ని అమ్మేశాడు. అప్పటి నుంచి ఆలివ్ తోటల్లో కూలికి వెళ్తూ, పక్షుల్ని చూడ్డానికి వచ్చే విదేశీయుల్ని వసంతంలోనూ ఈ సెప్టెంబరులోనూ కొండల్లో తిప్పుతూ బతికాడు. ఏ రాతి మీద ఏ పిట్ట కూర్చుంటుందో అతనికి తెలుసు. నీళ్ళూ రొట్టే మోయడానికి నా గాడిదను తోలుకుని నేను వెంట వెళ్ళేదాన్ని. మా ఆయన పోయాక నాకు కొండ ఎక్కడమే ఇంట్లో కూర్చోవడం కన్నా తేలికగా ఉండేది.

ఆ ఏడు వాళ్ళ అమ్మ ఎవాంథియా మంచం పట్టింది. ఆమె ఇగ్నాతిస్ ఇంట్లోనే ఉండేది. "నేను పోయాక నా శవం దగ్గర కలుసుకుంటారా? అదేదో నేను చూస్తుండగా కలవండి," అని ఇద్దరికీ కబురు పంపింది. ఇగ్నాతిస్‌కు పక్క గదిలోంచే పంపింది.

ఆదివారం సాయంత్రం ఎండ ఇంకా గోడల మీద ఉండగానే ప్రొకోపిస్ వచ్చాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. చేతిలో పూరేళ్ళ గుత్తి ఉంది, ఈకలు పీకినవే గానీ కోయనివి. ఇగ్నాతిస్ వాకిట్లో నిలబడ్డాడు. ఇద్దరూ ఒకళ్ళ చెప్పులు ఒకళ్ళు చూసుకున్నారు.

"లావయ్యావు," అన్నాడు ప్రొకోపిస్.

"నువ్వు ముసలాడివయ్యావు," అన్నాడు ఇగ్నాతిస్.

అంతే. ఏడేళ్ళ మౌనం ఆ రెండు మాటలతో తెగింది. లోపల్నుంచి వాళ్ళమ్మ, "ఏంటిరా, మళ్ళీ మొదలెట్టారా?" అని అరిచింది.

"లేదే అమ్మా, అందాలు చూసుకుంటున్నాం," అన్నాడు ప్రొకోపిస్.

పెలాగియా ద్రాక్షాకులు కడిగి పెట్టింది. పిట్టలకు అవి చుట్టి కాల్చాలి. పొయ్యి మీద చిన్న గిన్నెలో చిక్కుళ్ళు ఉడుకుతున్నాయి. ప్రొకోపిస్ ఆ గిన్నె వైపు చూశాడు. వాకిట్లో చదును రాయి దగ్గర గొంతుక్కూర్చుని తమ్ముణ్ణి పిలిచాడు.

"ఇట్రా. కూర్చో. నీ కళ్ళతో చూడు."

కత్తి తీసి ఒక పిట్ట మెడ కింద తిండిసంచిని చీల్చాడు. వేలితో తిప్పి చూపించాడు. ఖాళీగా, పల్చటి పొరలా ఉంది.

"ఒక్క గింజ లేదు. ఇవాళ పొద్దున్నే నీళ్ళు దాటినవి. కొమ్ము మీద కాలు మోపాయో లేదో నా వలలో పడ్డాయి. మన వాగుల్లో ముక్కు పెట్టలేదు."

ఇంకో పిట్టను కోశాడు. అదీ ఖాళీయే. ఒక్కొక్కటే అన్నిటినీ అలాగే కోసి, తమ్ముడి ముందు వరసగా పెట్టాడు. మేమందరం వంగి చూశాం.

"నాకు చిక్కుళ్ళు వండింది అన్నా," అన్నాడు ఇగ్నాతిస్ మెల్లగా.

"చిక్కుళ్ళు రేపు తిను. అవెక్కడికి పోతాయి, వాటికేమైనా రెక్కలున్నాయా?"

"బావగారూ, ఆయనకు పడదు. మీకు తెలియంది కాదు," అంది పెలాగియా.

"నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుసమ్మా? వీణ్ణి కళ్ళం చుట్టూ తిప్పింది నేను. వీడి బరువు ఈ భుజానికి ఇంకా గుర్తుంది. అందుకేగా కోసి చూపిస్తున్నా. విషం ఉండేది గింజలో. గింజే లేకపోతే విషం ఎక్కణ్ణుంచి వస్తది? చెప్పు."

మాకు తెలిసిన లెక్క ప్రకారం ఆయన అన్నది సరైనదే.

కాల్చిన పిట్టలు పళ్ళెంలోకి వచ్చాక, ప్రొకోపిస్ అన్నిటిలోకీ బలిసినదాన్ని ఏరి, ఆకులు విప్పి, ఎముక తీసి, తన చేత్తో తమ్ముడి పళ్ళెంలో పెట్టాడు. మంచం మీద ఎవాంథియా తలగడకు ఆనుకుని చూస్తోంది. ఇగ్నాతిస్ అన్న చేతి వైపు చూశాడు. ఆ వేళ్ళకు నూనె అంటి ఉంది. చేయి ఇంకా పళ్ళెం పక్కనే ఉంది, వెనక్కి పోలేదు.

అతను తిన్నాడు. రెండోది కూడా తిన్నాడు. సోంపు సారా పోసుకున్నారు. ఎవాంథియా కూడా ఒక గుక్క అడిగి తాగి, దగ్గి, నవ్వింది.

"ఆ గోడ రేపు పడగొడదాం," అన్నాడు ప్రొకోపిస్.

"రేపు కుదరదు. హన్నెకమ్మని కొమ్ముకు తీసుకెళ్ళాలి."

"ఆ డేగల పిచ్చామేనా? నిరుడు మూడు కాళ్ళ దుర్భిణి పెట్టుకుని నా మేకను గంటసేపు చూసింది."

"మేకను కాదు, మేక మీద వాలిన పిట్టను."

"ఏమో, మేక మాత్రం సిగ్గుపడి పాలివ్వలేదు." అందరం నవ్వాం. "సరే, రేపు నేనూ అటే వేటకొస్తా. దారిలో కలుస్తా. ఎల్లుండి గోడ."

పొద్దున్నే బయలుదేరాం. హన్నెకె హాలెండ్ మనిషి, పొడుగాటిది, అరవై దాటాయి. పిల్లలకు పాఠాలు చెప్పి మానుకుందట. ఏటా ఈ రోజుల్లో వచ్చి, కొమ్ముకు ఎదురుగా ఉన్న రాతి దీవిలో డేగలు పిల్లల్ని మేపుకోవడం చూసి వెళ్తుంది. మా భాష తడబడకుండా మాట్లాడుతుంది. వేసవి చివర్లో గూడు పెట్టే డేగలవి. వలస పిట్టలు అలిసిపోయి సముద్రం దాటే వేళకు వాటి పిల్లలకు సరిగ్గా ఆకలి ముదురుతుంది.

ఊరి కింద ఓక్ చెట్ల మధ్య దారి బాగానే సాగింది. ఒక ఉడత కొమ్మ మీంచి గోడ మీదికి దూకి, మమ్మల్ని చూసి రాయిలా బిగుసుకుపోయింది. హన్నెకె నిలబడిపోయింది. ఇలాంటి ఉడత పడమర దేశాల్లో ఎక్కడా లేదని ఆమె చెప్తే, "ఉంటే మా బాదంకాయల మీద దానికింత ప్రేమ ఉండేది కాదమ్మా," అన్నాడు ఇగ్నాతిస్. ఎండ తగిలిన గోడ మీద తొండలు తల ఊపుతున్నాయి. కౌజుల గుంపు ఒకటి మా ముందు పరిగెత్తి, ఎగరడానికి బద్ధకించి, పొదల్లోకి నడుచుకుంటూ పోయింది.

వాగు దాటేటప్పుడు ఇగ్నాతిస్ ఒక్క క్షణం ఆగి రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. వాగులో నీళ్ళు లేవు. గొడుగుపూల మొక్కలు ఎండి, తలల మీద గింజలతో మనిషంత ఎత్తున నిలబడి ఉన్నాయి.

"ఏం మరిదీ?" అన్నాను.

"నిద్ర చాల్లేదు వదినా. నిన్న సారా ఎక్కువైంది."

అక్కడి నుంచి ఎక్కుడు. అతను ముందు నడుస్తాడు ఎప్పుడూ. ఆ రోజు గాడిద అతన్ని దాటింది. హన్నెకె దాటింది. నేను వెనక్కి చూసినప్పుడల్లా అతను ఏదో ఒక రాతిని పట్టుకుని, దాని మీద పాకిన నాచునో చీమనో పరీక్షగా చూస్తున్నట్టు నిలబడి ఉండేవాడు. మొహం చెమటతో తడిసి, మైనంలా ఉంది.

శిఖరం ఎక్కేసరికి సముద్రం ఒక్కసారిగా కింద పరుచుకుంది. గాలి లేదు. రాతి దీవి మీద డేగలు కనిపించాయి. నీటికి పైన, ఒకదానికొకటి దూరంగా, కదలకుండా నిలిచి ఉన్నాయి, ఎవరో ఆకాశంలో వల కట్టినట్టు. ఉత్తరం నుంచి ఒక చిన్న పిట్ట నీళ్ళ మీద తక్కువ ఎత్తులో వస్తోంది. ఒక డేగను తప్పించుకుంది. రెండోదాన్ని తప్పించుకుంది. మూడోది దాన్ని గాల్లోనే తీసుకుంది. తీరానికి అది ఎంతో దూరంలో లేదు.

హన్నెకె దుర్భిణి నిలబెట్టి ఊపిరి బిగబట్టి చూస్తోంది. "ఇగ్నాతిస్, మూడు పిల్లలు. మూడూ బతికాయి, రా చూడు," అంది వెనక్కి తిరగకుండా.

అతను రాలేదు. బండ వెనక్కి వెళ్ళి చాలాసేపు ఉన్నాడు. నేను వెళ్ళి చూస్తే ప్యాంటు బొత్తాలు పెట్టుకుంటూ గోడకానినట్టు బండకు ఆని ఉన్నాడు. తెల్లటి రాయి మీద తడి మరక. నల్ల కాఫీ ఒలికినట్టుంది.



"చూశావుగా," అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"నిద్ర లేచినప్పుడు పిక్కలు కొంచెం గట్టిగా ఉన్నాయి. వాగు దగ్గర అర్థమైంది."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు? వెనక్కి పోయేవాళ్ళం కదా."

"చెప్తే? ఏడేళ్ళకు మా అన్న తన చేత్తో పెట్టాడు. రేపు తెల్లారకముందే ఊళ్ళో ఏమంటారు? తమ్ముడికి విషం పెట్టాడంటారు. ఊట తీసుకున్నాడు, చాల్లేదు, ప్రాణం తీసుకున్నాడంటారు. ఆయన ఎలా బతుకుతాడు? మా అమ్మ ఏమైపోతది?" కొంచెం ఆగి, పళ్ళు బిగించి, "వదినా, ఎవరడిగినా పూరేడు మాట ఎత్తకు. వెన్ను పట్టిందను. నాకు మాటివ్వు," అన్నాడు.

"ముందు ఇంటికి చేరుదాం," అన్నాను.

"మాటివ్వు."

ఇచ్చాను. ఆ మొహం చూస్తూ ఇవ్వనని అనలేకపోయాను.

హన్నెకెకు వెన్నునొప్పి అనే చెప్పాం. ఆమె దగ్గరికొచ్చి అతని పిక్క మీద చేయి వేసి, నా వైపు చూసింది. "ఇది వెన్ను కాదు," అంది. "ఈయన కదలకూడదు. ఇక్కడే నీడలో పడుకోబెట్టండి. కింద రేవులో చేపల పడవ ఉంది కదా, నేను దిగి పిలుస్తాను."

అప్పుడే కుక్క అరుపు వినిపించింది. వెనకాలే ప్రొకోపిస్, భుజాన తుపాకీ, చేతిలో ద్రాక్షపళ్ళ సంచి. దూరం నుంచే, "ఏరా, డేగలకు లెక్కలు చెప్తున్నావా?" అని కేక వేశాడు. ఏడేళ్ళలో ఆయన గొంతు అంత తేలిగ్గా ఉండటం నేను వినలేదు. దగ్గరికి వచ్చి తమ్ముణ్ణి చూసి ఆగిపోయాడు. సంచి కింద పెట్టాడు. మోకాళ్ళ మీద కూర్చుని, ప్యాంటు పైకి లాగి, పిక్కను వేళ్ళతో నొక్కాడు. అది కొయ్యలా ఉంది. ఆయన చేయి అక్కడే ఉండిపోయింది.

"వెన్ను అన్నా," అన్నాడు ఇగ్నాతిస్. "బరువెత్తాను మొన్న. వెన్ను పట్టి కాళ్ళలోకి దిగింది."

"వెన్నే కదరా?"

"వెన్నే."

"వెన్నే," అన్నాడు ప్రొకోపిస్ నా వైపు తిరిగి. నేను తల ఊపాను.

ఆయన లేచి తుపాకీని గాడిదకు కట్టాడు. "ఏదైనా సరే, నడిస్తే పోతది. లే. లేరా, నా మీద బరువెయ్."

"నడిపించవద్దు," అంది హన్నెకె. "నేను డాక్టర్ని కాదు, కానీ ఆయన్ని చూస్తే భయంగా ఉంది. పడవ పిలుద్దాం."

"హన్నెకమ్మా, మీకు పిట్టల సంగతి తెలుసు. మనుషుల సంగతి మాకొదిలెయ్యండి. పడవలో కూర్చోబెడితే బిగుసుకుపోతాడు."

"కనీసం గాడిద మీద—"

"నడవాలి," అన్నాడు ఇగ్నాతిస్. అతని కళ్ళలో ప్రాణభయం ఉంది. పడుకుంటే చనిపోతానన్న భయం. "నడుస్తా అన్నా. పట్టుకో."

హన్నెకె దుర్భిణి మడిచింది.

ఆ దిగుడు గురించి ఎక్కువ రాయలేను. ప్రొకోపిస్ ఒక రెక్క పట్టుకున్నాడు, నేను ఇంకోటి. అతని బరువంతా వాళ్ళన్న మీదే. కాళ్ళు వంగడం లేదు, కర్రల్లా ముందుకు పడుతున్నాయి. నీడ వచ్చినప్పుడల్లా అతను ఆగబోయేవాడు.

"ఆగకు. ఏరా, కళ్ళం చుట్టూ తిప్పినప్పుడు ఇంతకన్నా బరువున్నావు. గుర్తుందా, నువ్వు ఏడుస్తూ పూజారిని తిట్టావు?"

"ఆయనేం చేశాడు పాపం?"

"అదే నేనూ అడిగా. ఇప్పుడు ఎవర్ని తిడతావు? నన్ను తిట్టు. ఏడేళ్ళ బాకీ ఉంది కదా, తిట్టు."

"ఊట దొంగవి."

"ఆ. ఇంకా?"

"గాడిద కొడుకువి."

"మన నాన్ననే అంటున్నావు. సరే, ఆయన వినడు. నడువు."

ఇగ్నాతిస్ నవ్వబోయి కేక పెట్టాడు. తొడ కండరం లాగేసింది. ప్రొకోపిస్ కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. గొంతులో మాత్రం ఏమీ తెలియనివ్వకుండా అలాగే మాట్లాడుతున్నాడు. వాగు దగ్గరికొచ్చేసరికి ఆ ఎండిన మొక్కల్ని ఆయన చూశాడు, చూసి తల తిప్పుకున్నాడు. నేను ఆయన్ని చూశాను. ఆయనకు తెలుసు. మొదట పిక్క ముట్టుకున్నప్పుడే తెలుసు. తెలియనట్టు ఉండటం తమ్ముడు అడిగిన ఒకే ఒక్క సాయం కాబట్టి అలా ఉన్నాడు, లేదా తనకే ఆ మాట పైకి అనే ధైర్యం లేదు. ఏదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఊరి మొదట్లోకి చేరేసరికి మనుషులు బయటికొచ్చారు. "నడుచుకుంటూ వచ్చాడు, ఇంకేం, గట్టివాడు," అన్నారు. పెలాగియా పరిగెత్తుకొచ్చి మొగుడి మొహం చూసి, తన తలగుడ్డతో చెమట తుడిచింది. అతను ఆమెతో కూడా, "వెన్ను," అనే అన్నాడు.

సాయంత్రానికి మళ్ళీ ఒంటేలు పోద్దామంటే రాలేదు. వాంతులు మొదలయ్యాయి. అప్పుడు ఆలివ్ నూనె మిల్లు లారీ మాట్లాడి దీవి పట్నం మిటిలినికి తీసుకెళ్ళాం. ఎవాంథియాను వదిలి పెలాగియా రాలేకపోయింది. లారీ వెనక నేను, ప్రొకోపిస్, మధ్యలో అతను.

ఆసుపత్రిలో డాక్టరు కుర్రవాడు, ఏథెన్స్ నుంచి కొత్తగా వచ్చినట్టున్నాడు. కాళ్ళు నొక్కాడు, కళ్ళు చూశాడు, సెలైన్ సీసా పెట్టించాడు. తర్వాత కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు.

"దెబ్బలేమైనా తగిలాయా?"

"లేదు. వెన్ను," అన్నాడు ఇగ్నాతిస్.

"వెన్ను ఇలా చేయదు. నిన్న ఏం తిన్నారు?"

ప్రొకోపిస్ మంచం కాళ్ళ వైపు, టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"చిక్కుళ్ళు," అన్నాడు ఇగ్నాతిస్.

"చిక్కుళ్ళేనా? ఇంకేమీ లేదా?"

"చిక్కుళ్ళే."

డాక్టరు ప్రొకోపిస్ వైపు చూశాడు. ఆయన టోపీ అంచు నలుపుతూ కిందికి చూశాడు. తర్వాత డాక్టరు నా వైపు చూశాడు. మంచం మీది మనిషి కళ్ళతో నన్ను బతిమాలుతున్నాడు. ఆ కళ్ళు పచ్చగా ఉన్నాయి. ఆ మాట దాచితే అతను ఈ మంచం మీదే పోతాడని నాకు తోచింది. చెప్తే అతను బతకొచ్చు, ఇద్దరికీ నా మొహం చూడ్డం ఇష్టం ఉండదు, అంతే కదా అనుకున్నాను.

"పూరేడు తిన్నాడు బాబూ," అన్నాను. "ఆదివారం సాయంత్రం. చిన్నప్పుడు ఒకసారి పట్టింది."

ఇగ్నాతిస్ మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

డాక్టరు గబగబా రాసుకున్నాడు. "తిన్నాక ఏం చేశాడు? పనేమైనా?"

"కొండెక్కాడు. పట్టిందని తెలిశాక నడిపించుకుంటూ తెచ్చాం. కొమ్ము దగ్గర నుంచి."

కలం ఆగింది. ఆ కుర్రాడు మమ్మల్ని తిట్టలేదు. తిడితే బాగుండేది. మెల్లగా, చదువు రాని పిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. "కండరం చితికి రక్తంలో కలుస్తుంది, అది కిడ్నీల్ని మూసేస్తుంది. నడిచేకొద్దీ ఎక్కువవుతుంది. ఇక ఈయన ఒక్క అడుగు వేయకూడదు. లేచి కూర్చోనివ్వకండి. ఏథెన్స్‌లో రక్తం శుభ్రం చేసే మిషన్ ఉంది. ఇవాళ ఓడకే పంపిస్తా. పడుకోబెట్టే తీసుకెళ్ళండి. అర్థమైందా?"

"అర్థమైంది," అన్నాడు ప్రొకోపిస్. ఆ గదిలో ఆయన అన్న ఒకే మాట అది.

ఓడలో ఒక్కరికే చోటిచ్చారు. ప్రొకోపిస్ వెళ్ళాడు. స్ట్రెచర్ ఓడ మెట్ల మీద ఎక్కిస్తుండగా నేను ఇగ్నాతిస్ చేయి పట్టుకున్నాను. అతను చేయి లాక్కోలేదు. "నీకు చెప్పి ఉండకూడదు వదినా," అన్నాడు అంతే.

ఓడ ఏథెన్స్ రేవు పిరియస్ చేరకముందే అతను పోయాడు. మరునాటి ఓడలో వెనక్కి తెచ్చారు.

పాతిపెట్టి వచ్చాక వాకిట్లో అందరికీ కాఫీలిచ్చాం. ఒక్కొక్కళ్ళే వెళ్ళిపోయారు. పెలాగియా, నేను, ప్రొకోపిస్ మిగిలాం. ఆయన గడ్డం మాసి, కొత్త చొక్కా నలిగి, ఆ చదును రాయికి దూరంగా కూర్చున్నాడు. లోపల ఎవాంథియా ఏడ్చి ఏడ్చి కునుకు తీసింది.

"చివర్లో బాధపడ్డాడా బావగారూ?" అని అడిగింది పెలాగియా. ఆమె గొంతు పొడిగా ఉంది.

ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పడుకోబెట్టా. పక్కనే కూర్చున్నా. కాసేపు నిద్రపోయాడు. లేచి, 'అన్నా, గుండె దగ్గరికొస్తోంది, లేపు' అన్నాడు. డాక్టరు..." ఆయన ఆగాడు. "పడుకో అన్నా. వినలేదు. నా చొక్కా పట్టుకున్నాడు. 'అప్పుడు నువ్వే కదా నడిపించి బతికించావు, ఇప్పుడు పడుకోబెట్టి చంపుతావా' అన్నాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడమ్మా. నేను లేపాను. పైకి తీసుకెళ్ళా. ఓడ ఈ చివర నుంచి ఆ చివరకు. నడిచాడు. అప్పటికి తెల్లారుతోంది. తిరిగి వస్తున్నప్పుడు నా భుజం మీద తల పెట్టాడు. అలిసిపోయాడనుకున్నా."

పెలాగియా రెండు చేతులతో ఆయన చేయి పట్టుకుంది.

"మంచిపని చేశారు," అంది. "మీరు కాబట్టి చేశారు. ఇంకెవరైనా అయితే మంచం మీద వదిలేసి చూస్తూ కూర్చునేవాళ్ళు. మా ఆయన కాళ్ళ మీద పోయాడు. ఆయన కోసం చేయగలిగిందంతా చేశారు."

ప్రొకోపిస్ ఆమె వైపు చూడలేదు. నా వైపు చూశాడు. ఆ గదిలో ఆ కుర్ర డాక్టరు అన్న మాటలు విన్నవాళ్ళం ఈ ఊళ్ళో ఇద్దరమే. ఆయన పెదవులు కదిలాయి.

"మిర్సినీ, నువ్వు చెప్పు," అన్నాడు. "మంచిపనేనా?"

పెలాగియా కూడా నా వైపు తిరిగింది. ఆమె మొహంలో, ఆ నాలుగు రోజుల్లో మొదటిసారి, కొంచెం స్థిమితం కనిపించింది.

"మంచిపనే బావా," అన్నాను.

ఆయన తల దించుకున్నాడు. కాసేపటికి లేచి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ప్రొకోపిస్ రోజూ ఆ ఇంటికి వస్తాడు. తల్లి పక్కన కూర్చుంటాడు, కట్టెలు కొట్టి పెడతాడు, పెలాగియాకు పాలు తెస్తాడు. పెలాగియా ఆయన్ని తోడబుట్టినవాడిలా చూసుకుంటుంది. నేను లోపల ఉన్నానని నా గొంతు వినిపిస్తే మాత్రం పాలచెంబు గుమ్మం దగ్గర పెట్టి, అక్కణ్ణుంచే వెనక్కి తిరుగుతాడు.